డబ్బా మీద "హైపో జంగిల్, 66% హెట్ కాల్" అని రాసుంది, నా బోవా నిజంగా అదేనా?

ప్లానో_పాములోడు:

అందరికీ నమస్కారం. ఉండేది టెక్సాస్‌లో, ప్లానోలో. ఇంట్లో ఒక ఆడ బోవా ఉంది, పేరు మిర్చి. తోక అచ్చం పండుమిర్చి రంగులో ఉంటుందని మా ఆవిడ పెట్టిన పేరు, పామును గడప దాటనివ్వనని మొదట్లో గొడవ చేసింది కూడా తనే. ఊరు మారిపోతూ పాములన్నీ అమ్మేస్తున్న ఒకతని దగ్గర ఎనిమిది నెలల పిల్లగా ఉన్నప్పుడు కొన్నాను. ఇప్పుడు మూడేళ్ళు దాటాయి, అయిదడుగుల పైనే ఉంటుంది. డబ్బా మీద అతను మార్కర్‌తో "హైపో జంగిల్, 66% హెట్ కాల్" అని రాసిచ్చాడు. అప్పట్లో నాకు అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు, 350 డాలర్లు చేతిలో పెట్టి తెచ్చేసుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. చిన్నప్పుడు గులాబీ, నారింజ కలిసినట్టు మెరిసిపోయేది, ఇప్పుడు ఒళ్ళంతా లేత గోధుమ రంగులోకి దిగిపోయింది, పగలు చూస్తే ఇంకా మాసినట్టు కనిపిస్తుంది. తోక మాత్రం అదే ఎరుపు. వీపు మీద అడ్డంగా వరసగా ఉండే పెద్ద మచ్చలు (సాడిల్ అంటారు) మెడ నుంచి నడుం దాకా మామూలుగానే ఉన్నాయి, అక్కడ నుంచి ఒక నాలుగు మచ్చలు కుడి వైపున ఒకదానితో ఒకటి అతుక్కుపోయి గొలుసులా అయ్యాయి, తోక మొదట్లో ఒక రెండంగుళాలు గీత లాగా ఉంది. పాములు అమ్మే ఎక్స్‌పోలో ఒకతనికి ఫొటో చూపిస్తే "ఇది జంగిల్ కాదు, మోట్లీ" అన్నాడు, పక్క టేబుల్ ఆయన "అదేం కాదు, ఉట్టి హైపో" అన్నాడు, ఇంకొకాయన అసలు హైపోనే కాదన్నాడు. ముగ్గురూ చూసింది అదే ఫొటో!

నా ఫ్రెండ్ దగ్గర ఒక మగ ఆల్బినో బోవా ఉంది. వచ్చే ఏడాది జత కడదామా అనుకుంటున్నాం, అందుకే ఈ టెన్షన్. ఫొటోలు నాలుగు పెట్టాను, నిన్న రాత్రి తీసినవి. చూసి చెప్పండి. కుబుసం దాచిపెట్టాను, అది ల్యాబ్‌కి పంపితే తేలిపోతుందా?

కుబుసం_అక్క:

ముందుగా, రాత్రి ఎల్‌ఈడీ లైటు కింద తీసిన ఫొటోలతో రంగు గురించి ఎవరేం చెప్పినా నమ్మకండి, నేను చెప్పినా సరే. బోవాలు రాత్రి తేలిక రంగుకి వస్తాయి, పగలు ముదురుతాయి. చర్మంలోని నల్ల రంగు కణాల్లో రంగు రేణువులు పరుచుకుంటే ముదురు, ఒక చోటికి ముడుచుకుంటే లేత, అంతే. రాత్రి తీసిన మామూలు బోవా ఫొటో చూసి హైపో అని మురిసిపోయిన వాళ్ళని చాలామందిని చూశాను. కళ్ళు పాలు పోసినట్టు తెల్లబడి కుబుసానికి సిద్ధంగా ఉన్నప్పుడు తీసినా అంతే, రంగు మసకేస్తుంది. కుబుసం వదిలిన రెండో రోజో మూడో రోజో, పొద్దున పూట, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయండి. పైనుంచి ఒకటి, రెండు పక్కలా చెరొకటి, తల మీదది, తోకది, పొట్టది.

మీ ప్రశ్న నిజానికి ఒకటి కాదు, మూడు. రంగు ఒకటి, మచ్చల తీరు ఒకటి, లోపల దాక్కున్నది ఒకటి. మూడింటినీ కలిపి "ఇది ఏంటి" అని అడిగారు కాబట్టే ఎక్స్‌పోలో మూడు జవాబులొచ్చాయి.

రంగు సంగతి. బోవా చర్మంలో నలుపు-గోధుమ ఇచ్చే కణాలు వేరు, పసుపు-ఎరుపు ఇచ్చేవి వేరు, మెరుపునిచ్చేవి వేరు. హైపోలో నలుపు తగ్గుతుంది, పూర్తిగా పోదు. పూర్తిగా పోతే ఆల్బినో. ఎరుపు పోతే ఎనరీ, అప్పుడు పాము బూడిద రంగులో ఉంటుంది, మీ మిర్చి తోక చూశాక ఆ మాటే అక్కర్లేదు. హైపోని వెతకాల్సింది ఒంటి రంగులో కాదు, నలుపు ఎక్కడెక్కడ తగ్గిందన్న దాంట్లో. మామూలు బోవాకి తోక మీది ఎర్ర మచ్చల చుట్టూ కాటుక గీసినట్టు నల్ల అంచు ఉంటుంది. హైపోలో ఆ అంచు చాలా మటుకు చెరిగిపోయి తోక శుభ్రంగా కనిపిస్తుంది. ఒంటి పక్కల ఉండే కంటి ఆకారపు మచ్చల్లో నలుపు ఎంతుందో చూడండి, వీపు మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలున్నాయేమో చూడండి. మీ మూడో ఫొటోలో తోక అంచులు నాకైతే శుభ్రంగానే కనిపిస్తున్నాయి. నా అంచనా హైపోనే, పగటి ఫొటో చూశాక గట్టిగా చెప్తాను.

చిన్నప్పటి గులాబీ రంగు పోయిందని బెంగ పెట్టుకోకండి. సాల్మన్ హైపో (మనం అనుకుంటున్న హైపో ఇదే) పిల్లలు పుట్టినప్పుడు అలా మెరిసిపోతాయి, పెద్దయ్యాక చాలావరకు గోధుమ, లేత నారింజలోకి దిగుతాయి. ఇంకో జీన్ ఉంది, ఐఎంజీ అంటారు, అది దీనికి తలకిందులు, మామూలుగా పుట్టి ఏడాదికేడాది నల్లబడుతూ పోతుంది. అందుకే వయసు చెప్పకుండా ఫొటో పెట్టి "ఏ మార్ఫ్?" (అంటే ఏ రంగు, మచ్చల రకం) అని అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు. మీరు వయసు చెప్పారు, అది మంచి పని.

ఇక మచ్చలు. మోట్లీ అని చెప్పినాయన నాలుగు మచ్చలు అతుక్కోవడం చూసి అనేసినట్టున్నాడు. మోట్లీ అయితే మెడ నుంచి తోక దాకా మొత్తం వీపంతా మచ్చలు కలిసిపోయి మధ్యలో గుండ్రటి, కోలగా ఉండే కిటికీల్లాంటివి మిగులుతాయి, పక్కల ఉండాల్సిన మచ్చలు దాదాపు పోతాయి. నడుం దాకా మామూలుగా ఉండి తర్వాత మొదలయ్యే మోట్లీ నేనెక్కడా చూడలేదు. జంగిల్ అలా కాదు, దాంతోనే చిక్కు. జంగిల్‌లో మచ్చల అంచులు తెగి, చెదిరి, సాగి ఉంటాయి, తోక మీద గీత రావడం మామూలే, కానీ ఒక్కో పాములో ఒక్కో మోతాదులో కనిపిస్తుంది. కొన్నింట్లో ఒళ్ళంతా గజిబిజి, కొన్నింట్లో చూసీ చూడనట్టు ఉంటుంది. కాబట్టి మీ దాన్ని చూసి "జంగిల్ కానే కాదు" అని నేను అనలేను. కానీ ఒక పక్క, ఒక్క చోట, నాలుగే మచ్చలు అనేసరికి నాకు మొదట అనుమానం వచ్చేది జీన్ మీద కాదు, తల్లి కడుపులో ఉన్నప్పటి వేడి మీద.

బోవాలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి కదా. కడుపుతో ఉన్న నెలల్లో తల్లి వేడి చోటు వెతుక్కుని గంటల తరబడి పడుకుంటుంది. ఆ మచ్చలు ఏర్పడే రోజుల్లో వేడి మరీ పెరిగినా తగ్గినా పిల్లల మచ్చలు అతుక్కోవడం, గీతలు పడటం జరుగుతుంది. చూడ్డానికి అచ్చం జీన్ లాగే ఉంటుంది, కానీ దాని పిల్లలకి రాదు. ఈ రెండింటినీ ఫొటోలో విడదీసి చెప్పగలనని ఎవరైనా అంటే ఆయనకో నమస్కారం పెట్టి వచ్చేయండి.

విడదీసేది తోబుట్టువులు. ఏ జీన్‌కైనా తల్లిదొకటి, తండ్రిదొకటి, రెండు కాపీలుంటాయి. జంగిల్ కనపడ్డానికి ఒక కాపీ చాలు, హైపోకీ అంతే, కాబట్టి జంగిల్ తల్లికి మామూలు తండ్రికి పుట్టిన కాన్పులో సుమారు సగం పిల్లలు జంగిల్‌గా ఉండాలి. ఆ కాన్పులో ఎన్ని పుట్టాయి, ఎన్నింటికి మచ్చలు చెదిరాయి, తల్లిదండ్రుల్లో జంగిల్ ఎవరు, ఇది అమ్మినతన్ని అడగండి. అతని నంబరు ఇంకా ఉందా?

గోదారి_డేగ:

పాముల గురించి నాకు తెలిసింది తక్కువ, మా అబ్బాయి పెంచుతాడు, నేను దూరం నుంచి చూస్తాను. కానీ ఈ గొడవ మాత్రం నాకు బాగా తెలిసిన గొడవ. మాది భీమవరం దగ్గర పల్లె. పందెం కోళ్ళకి ఈకల రంగు చూసి పేర్లు పెడతారు కదా, డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల, పింగళ అని. రెండు కలిస్తే కాకి డేగ, కాకి నెమలి. మీ హైపో జంగిల్ వినగానే నాకు అదే గుర్తొచ్చింది. అవి కంటికి కనపడేదానికి పెట్టిన పేర్లు. కనపడేది డేగ అయినంత మాత్రాన దాని పిల్లలన్నీ డేగలవుతాయని ఏ పెంపకందారూ పందెం కాయడు, "తల్లి ఎవరిది, పుంజు ఎవరిది" అని ముందు అడుగుతాడు. కోడి ముందు నిలబెట్టి ఉన్నా సరే వంశం అడగాల్సిందే. మీరు 350 డాలర్లు పోసి డబ్బా మీది రాత కొన్నారు, వంశం అడగలేదు.

ప్లానో_పాములోడు:

@గోదారి_డేగ అంకుల్, బాగా తగిలింది 😅

@కుబుసం_అక్క, థాంక్స్ అక్కా. నంబరు ఉంది, మెసేజ్ పెట్టాను, చూద్దాం. ఈలోపు "66% హెట్ కాల్" అంటే ఏంటో చెప్తారా? మూడింట రెండొంతులు ఆల్బినో అనుకుని ఇన్నాళ్ళూ మా ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను.

కుబుసం_అక్క:

అందరూ మొదట అలాగే అనుకుంటారు. ఆ 66 శాతం పాము లోపల ఉన్నది కాదు, మన తెలియనితనానికి వేసిన లెక్క. మిర్చిలో ఆల్బినో జీన్ ఒక కాపీ ఉంటే ఉంది, లేకపోతే లేదు, మధ్యలో ఏమీ లేదు.

కాల్ ఆల్బినో రెండు కాపీలు ఉంటేనే బయటపడుతుంది. ఒక కాపీ ఉన్నదాన్ని హెట్ అంటారు, చూడ్డానికి మామూలు పాముకీ దానికీ తేడా ఉండదు. తల్లీ తండ్రీ ఇద్దరూ హెట్ అయితే నలుగురు పిల్లల్లో సగటున ఒకటి ఆల్బినో, రెండు హెట్, ఒకటి ఏమీ లేనిది. ఆల్బినో కంటికి కనిపిస్తుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టేయండి. మిగిలిన మూడింట్లో రెండు హెట్, ఏ రెండో తెలీదు. ఆ మూడింట్లో రెండే మీ 66%. తల్లిదండ్రుల్లో ఒకరు హెట్, ఒకరు మామూలు అయితే 50% హెట్ అని రాస్తారు. ఒకరు ఆల్బినో, ఇంకొకరు మామూలు అయితే పుట్టినవన్నీ ఖాయంగా హెట్, 100%. ఈ అంకెలన్నీ తల్లిదండ్రుల గురించి అమ్మినతను నిజం చెప్పాడన్న నమ్మకం మీదే నిలబడతాయి.

ఇక "కాల్" అన్న మాట, దీని మీదే ఎక్కువమంది దెబ్బతింటారు. బోవాల్లో పేరున్న ఆల్బినో వంశాలు రెండు, కాల్, షార్ప్. రెండూ కంటికి తెలుపు-పసుపు-ఎరుపే, రెండూ రెండేసి కాపీలు ఉంటేనే కనిపించేవే, కానీ వేర్వేరు. కాల్ ఆల్బినోకి షార్ప్ ఆల్బినోకి జత కడితే ఒక్క తెల్ల పిల్ల పుట్టదు, అన్నీ మామూలు రంగులో, రెండింటికీ హెట్‌గా పుడతాయి. మన సంబంధాల్లో గోత్రం ఒకటైతే కుదరదంటారు, ఇక్కడ గోత్రం ఒకటి కాకపోతే తెల్ల పిల్ల పుట్టదు 🙂 మీ ఫ్రెండ్ దగ్గరున్న మగది ఏ వంశమో ముందు అది కనుక్కోండి. "ఆల్బినో" అని మాత్రమే చెప్తే సరిపోదు.

కుబుసం ల్యాబ్ గురించి అడిగారు. బాల్ పైథాన్లలో (ఇంకో రకం పెంపుడు పాము) ఈ పని బాగా ముందుకెళ్ళింది. ఈస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళు పెంచుకునేవాళ్ళ దగ్గర్నుంచి కుబుసాలు తెప్పించుకుని, అందులోంచి డీఎన్‌ఏ తీసి, మూడు రంగు మార్ఫ్‌లకి కారణమైన జీన్లు పట్టుకున్నారు, 2022లో ఆ పేపర్ వచ్చింది. ఆల్బినోకి టైరోసినేజ్, లావెండర్ ఆల్బినోకి ఓసీఏ2, అల్ట్రామెల్‌కి టీవైఆర్‌పీ1. కానీ బాల్ పైథాన్ టెస్టు బోవాకి పనికిరాదు. జీన్ పేరు ఒకటే అయినా అది ఎక్కడ తెగిందో ఆ చోటు ఒక్కో జాతిలో, ఒక్కో వంశంలో వేరు. డబ్బు కట్టేముందు ల్యాబ్‌ని ఒక్కటే అడగండి, "బోవాలో కాల్ ఆల్బినో హెట్ మీ లిస్టులో ఉందా?" అని. లేదంటే వదిలేయండి. హైపో, జంగిల్ గురించి కూడా విడివిడిగా అడగాల్సిందే.

దారి_తప్పిన_ద్వీపం:

చిన్న అడ్డు మాట. అక్క హైపో అంటున్నారు, సరే, కానీ తేలిక రంగున్న ప్రతి బోవా సాల్మన్ హైపో కాదు. హోండురాస్ దగ్గర కాయోస్ కొచీనోస్ దీవుల బోవాలు, హాగ్ ఐలాండ్ అంటారు, సహజంగానే లేత రంగులో ఉంటాయి. వాటిని కొలంబియా బోవాలతో కలిపి తీసిన పిల్లలు ఎక్స్‌పోల్లో తిరుగుతున్నాయి. అవీ హైపో లాగే కనిపిస్తాయి, కానీ ఆ లేత రంగు ఒక్క జీన్‌తో వచ్చింది కాదు కాబట్టి సగం సగం లెక్కలో పిల్లలకి దిగదు, అటూ ఇటూ కాకుండా కలగాపులగంగా వస్తుంది. నేనిలా ఒకసారి మోసపోయాను. కాదు, మోసం అనను, అమ్మినాయనకీ తెలీదు. మిర్చి తల్లిదండ్రుల మూలం కూడా అడగండి. ఎరుపు తోక చూసి కొందరు వెంటనే సురినామ్, గయానా బోవా అనేస్తారు, అది ఇంకో తప్పు, మామూలు కొలంబియా బోవాలకీ ఎర్ర తోకలుంటాయి.

కుబుసం_అక్క:

@దారి_తప్పిన_ద్వీపం మంచి పాయింట్, నేను మర్చిపోయాను. తోక అంచుల్లో నలుపు చూడమన్నది కొంత అందుకే, కానీ కలిసిన రక్తంలో అదీ పూర్తి రుజువు కాదు. కాన్పు లెక్కే దీనికీ దారి. తేలికవి, మామూలువి అని రెండు గుంపులుగా తేటగా విడిపోయాయా, లేక అన్నీ కాస్త కాస్త తేలికగా ఉన్నాయా? తేటగా విడిపోతే ఒక్క జీన్ అని నమ్మొచ్చు.

హైదరాబాద్_కుర్రాడు:

అన్నా, నేను ఈ థ్రెడ్ అంతా చదివి బోవా కొనాలని ఫిక్స్ అయిపోయాను. ఇక్కడ హైదరాబాద్‌లో ఒకతను పేపర్లు లేకుండా ఇస్తానంటున్నాడు, తక్కువకే. తీసుకోవచ్చా?

దారి_తప్పిన_ద్వీపం:

@హైదరాబాద్_కుర్రాడు పేపర్లు లేకుండా వద్దు. వన్యప్రాణుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో బోవా ఉంది. మన వన్యప్రాణి చట్టాన్ని 2022లో సవరించారు, 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ఆ జాబితాలో ఉన్న జీవాన్ని పెంచుకుంటే ప్రభుత్వపు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి, అది చేతులు మారినా, పిల్లల్ని కన్నా, చచ్చిపోయినా తెలియజేయాలి. పేపర్లు లేని దాన్ని నువ్వేం చూపించి నమోదు చేయిస్తావు? ఇంకో మాట, బోవా అని చెప్పి మన పొలాల్లో దొరికే రెండు తలల పామును అంటగట్టేవాళ్ళున్నారు. అది మన దేశపు పాము, పట్టుకోవడమూ అమ్మడమూ నేరం. దాని చుట్టూ లక్షల్లో అమ్ముడుపోతుందనే మోసం ఒకటి ఎప్పటినుంచో నడుస్తోంది, ఆ గోలలో ఇరుక్కోకు తమ్ముడూ.

ప్లానో_పాములోడు:

అప్‌డేట్! నాలుగు రోజులకి అమ్మినతను ఫోన్ చేశాడు, మంచివాడే పాపం, పాత నోట్‌బుక్ తీసి చదివాడు. నేను రాసుకున్నది ఇదీ. తల్లి కొలంబియా నుంచి వచ్చిన వంశం, చూడ్డానికి మామూలు, హెట్ కాల్. తండ్రి హైపో, అదీ హెట్ కాల్. ఇద్దరిలో ఎవరూ జంగిల్ కాదు. ఆ కాన్పులో 17 బతికిన పిల్లలు. మూడు తెల్లవి, అందులో రెండు సన్‌గ్లో అన్నాడు. మిగతా 14లో ఏడు తేలికవి, ఏడు మామూలువి, చూడగానే తెలిసిపోయేవి, మధ్యరకం లేవన్నాడు. మచ్చలు చెదిరినవి మొత్తం మూడు, మిర్చితో కలిపి, మిగతా రెండూ మామూలు రంగువి. ఇంకో విషయం, తల్లి కడుపుతో ఉండగా థర్మోస్టాట్ పాడై రెండు రోజులు ట్యాంకులో వేడి బాగా పెరిగిపోయిందట, అతను ఊళ్ళో లేడట. మరి జంగిల్ అని ఎందుకు రాశావ్ అంటే "మచ్చలు అలా ఉంటే జంగిల్ అంటారు కదా" అన్నాడు!

పగటి ఫొటోలు కూడా పెట్టాను, ఈసారి కిటికీ దగ్గర, మీరు చెప్పినట్టే. మా ఆవిడ పట్టుకుంది, నేను తీశాను. రికార్డు కోసం చెప్తున్నా.

కుబుసం_అక్క:

ఆ నోట్‌బుక్ వెయ్యి ఫొటోలకి సాటి. ఆయనకి నా తరఫున కూడా థాంక్స్ చెప్పండి, చాలామంది అసలు రాసిపెట్టుకోరు.

ఇప్పుడు చూడండి ఎంత తేలిగ్గా విడిపోయిందో. కాన్పులో తెల్లవి పుట్టాయి కాబట్టి తల్లీ తండ్రీ ఇద్దరూ నిజంగానే హెట్. ఇది మాట కాదు, రుజువు. 17లో నాలుగు రావాల్సిన చోట మూడొచ్చాయి, అంత తేడా మామూలే. కాబట్టి మిర్చి 66% హెట్ అన్నది నిజాయితీగా రాసిందే. సన్‌గ్లో అంటే హైపో, ఆల్బినో రెండూ కలిసినది, తండ్రి నుంచి హైపో దిగిందనడానికి అది ఇంకో సాక్ష్యం. తెల్లవి పక్కన పెడితే ఏడూ ఏడూ, మధ్యరకం లేదు, ఒక్క జీన్ ప్రవర్తించే తీరు ఇదే. కొత్త ఫొటోలో తోక అంచులూ, పక్క మచ్చలూ శుభ్రంగా ఉన్నాయి. మిర్చి హైపో, నాకు అనుమానం లేదు.

అంతేకాదు, ఒకే కాపీ హైపో అని కూడా చెప్పొచ్చు. రెండు కాపీలున్న దాన్ని సూపర్ హైపో అంటారు, చూపుతో నమ్మకంగా విడదీయలేం, కొందరు తేలిగ్గా కనిపించిన ప్రతిదాన్నీ సూపర్ అని ఎక్కువ ధరకి అమ్ముతారు. మామూలుగా దాన్ని తేల్చేది కాన్పే. మామూలు జతతో 20 పిల్లలు పుట్టి 20కి 20 హైపోలే అయితే అది సూపర్, ఎందుకంటే ఒక్క కాపీతో అలా రావడం నాణెం 20 సార్లు ఎగరేస్తే 20 సార్లూ బొమ్మే పడ్డట్టు, పది లక్షల్లో ఒకసారి. మీకు ఆ శ్రమ లేదు. తల్లి మామూలుది, దాని దగ్గర ఇవ్వడానికి హైపో కాపీనే లేదు, కాబట్టి మిర్చికి వచ్చింది తండ్రిదొక్కటే.

జంగిల్ మాట కొట్టేయండి. తల్లిదండ్రుల్లో లేదు, సగం పిల్లల్లో రాలేదు, పైగా థర్మోస్టాట్ కథ ఉంది. ఇది వేడి వల్ల వచ్చిన మచ్చ అనే నా నమ్మకం. పూర్తిగా తేలాలంటే మిర్చి పిల్లల్లో అది దిగుతుందో లేదో చూడాల్సిందే, కానీ ఇప్పుడే జంగిల్ అని రాసి ఇంకొకరికి అమ్మకండి, నా కోరిక అది ఒక్కటే.

గోదారి_డేగ:

ఒక డౌటు. మగ పాముతో పెట్టాక పుట్టిన పిల్లలు ఆ మగదాని పిల్లలే అని గ్యారంటీ ఏంటి? మావాడు ఎక్కడో చదివాడట, తండ్రి లేకుండా కూడా పుడతాయని. నేను తిట్టాను.

కుబుసం_అక్క:

@గోదారి_డేగ గారూ, తిట్టింది వెనక్కి తీసుకోండి 😄 మీవాడు చెప్పింది నిజం. 2010లో నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు బయటపెట్టారు. ఒక ఆడ బోవా రెండు కాన్పుల్లో 22 పిల్లల్ని కంది, డీఎన్‌ఏ చూస్తే ఏ ఒక్కదానికీ తండ్రి లేడు. పక్కన మగవి ఉన్నా సరే! అనుమానం రావడానికి ఒక కారణం రంగే. తల్లిది కారమెల్ అనే అరుదైన రంగు, రెండు కాపీలు ఉంటేనే కనిపించేది, 22 పిల్లలూ అదే రంగులో, అన్నీ ఆడవే. అప్పట్లో బోవాల లింగ క్రోమోజోములు కోళ్ళలాగా జెడ్-డబ్ల్యూ అనుకుని దానికి ఒక వివరణ ఇచ్చారు, 2017లో వేరే పరిశోధకులు బోవాల్లో ఉన్నది మనలాగా ఎక్స్-వై అని చూపించారు, అప్పుడు అన్నీ ఆడవే ఎందుకో ఇంకా తేలిగ్గా అర్థమైంది. తల్లి దగ్గర ఉన్నది ఎక్స్ మాత్రమే కదా. అరుదే లెండి, కానీ కాన్పులో అన్నీ ఆడవే పుట్టి, మగదాని జీన్ ఒక్కదాంట్లోనూ కనిపించకపోతే ఇది గుర్తుపెట్టుకోవాలి.

@ప్లానో_పాములోడు, ఇక జత సంగతి. ఆ మగది కాల్ అయితే, మిర్చి నిజంగా హెట్ అయితే, పిల్లలు నాలుగు రకాలు సమంగా, అంటే సన్‌గ్లో, ఆల్బినో, హైపో, మామూలు. తెల్లవీ సన్‌గ్లోలూ పుట్టాయంటే ఆ 66 శాతం 100 అయిపోయినట్టే. 15 పిల్లలు పుట్టి ఒక్క తెల్లది లేకపోతే హెట్ అన్న మాట మర్చిపోండి. కానీ ఏడాది తర్వాత కాదు, ఇంకో రెండేళ్ళాగండి, ఒళ్ళు బాగా పట్టనివ్వండి. 20, 25 పిల్లలు పుట్టినా వింత లేదు, ఒక్కోదానికి ఒక్కో డబ్బా, ఒక్కోదానికి వేరే ఎలుక, ఇల్లు ఏమవుతుందో మీ ఆవిడతో ముందే మాట్లాడుకోండి.

ప్లానో_పాములోడు:

25 అన్న మాట ఇంట్లో ఇంకా చెప్పలేదు అక్కా.

డబ్బా మీద జంగిల్ అన్న మాట కొట్టేసి "హైపో, 66% హెట్ కాల్, తండ్రి హైపో హెట్ కాల్, తల్లి హెట్ కాల్, 17లో 3 తెల్లవి" అని రాశాను. ఫ్రెండ్‌కి ఫోన్ చేసి మీ మగాడు ఏ వంశం అని అడిగితే "ఆల్బినో అంతే" అన్నాడు. పట్టుబట్టి కొన్నప్పటి రసీదు వెతికించాను. ఇప్పుడే ఫొటో పంపాడు.

షార్ప్.

గోదారి_డేగ:

గోత్రం కలవలేదు. వేరే సంబంధం చూడండి.